ఉత్త చేతులతో రా

"ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. ఉత్త చేతులతో రా."

మూడేళ్ళుగా పలకని అక్క ఫోను చేసి ఈ రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. ఆవిడ ఒక పంటి డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చుంటుంది. ఎప్పుడు రావాలో, ఏం తినకుండా రావాలో రోజంతా జనానికి చెప్పి చెప్పి, తోబుట్టువుతో కూడా అదే ధోరణి. అక్కడ జనం చేత నోరు తెరిపించేది డాక్టరు, మూయించేది ఈవిడ అని చెప్పుకుని నవ్వుకుంటారు.

చెల్లెలు ఫోను చెవికి ఆన్చుకుని అలాగే నిలబడిపోయింది. చూపుడువేలి కొసన అంటించుకున్న టేపు ముక్క అలాగే ఉంది. బల్లకు అవతల ఒకాయన సగం చుట్టిన తన పెట్టె వంకా, ఆమె మొహం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

పెద్ద దుకాణంలో, బిల్లులు వేసే చోటు పక్కన, గిఫ్టులు చుట్టే బల్ల ఆమెది. పదహారేళ్ళుగా అదే బల్ల. దుకాణంలో అందరూ ఆమెను రిబ్బనమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎంత వంకర సామానైనా సరే, కాగితం ముడత పడకుండా చుట్టి, పైన నాలుగు చెవుల ముడి వేస్తుంది. నాలుగు చెవులూ సమానంగా ఉంటాయి, కొసలు ఏటవాలుగా కత్తిరించి ఉంటాయి. లోపలి మడతలో పెన్సిలుతో చిన్న టిక్కు పెడుతుంది, తన చేతి పని అని తనకు తెలియడానికి. ఎవరి పిచ్చి వారికానందం.

బహుమతుల సంగతి ఆమెకు తెలిసినంతగా కొనేవాళ్ళకు తెలియదు. ఒక గోడగడియారం ఆమె చేత మూడుసార్లు చుట్టించుకుంది, మూడు వేరు వేరు ఇళ్ళకు వెళ్ళడానికి. ఎవరింట్లోనూ నాలుగు రోజులు ఆగలేదు. జనం ఇచ్చేది అవతలివాళ్ళ కోసం కాదు, తమ చేతులు ఖాళీగా కనపడకుండా ఉండడం కోసం అని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. కనిపెట్టి ఏం లాభం, తన దాకా వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో.

ఉత్త చేతులతో రా. ఆ మాటను ఆమె మూడు రకాలుగా విప్పి చూసింది. ఒకటి, నిజంగానే ఏమీ తేవద్దని. రెండు, అందరూ మర్యాదకు అనే మాట, నమ్మి చేతులు ఊపుకుంటూ వెళ్తే తర్వాత పదేళ్ళు చెప్పుకుంటారు. మూడోది, "నువ్వు తెచ్చేవాటి సంగతి నాకు తెలుసులే" అని ఎత్తిపొడుపు.

ఎందుకంటే మూడేళ్ళ కింద తెగింది కూడా ఒక బహుమతి దగ్గరే.

అప్పుడు అక్కా బావా కొత్తగా ఆ మూడో అంతస్తు ఇంట్లోకి మారారు. బావ ఇరవై రెండేళ్ళు బస్సు నడిపి, ఒంటి మీద గానీ బండి మీద గానీ గీత పడకుండా నడిపి, ఉన్నట్టుండి ఉద్యోగం మానేశాడు. నడుము నొప్పి అన్నారు. రిబ్బనమ్మ వాళ్ళకు ఒక పెద్ద గాజు వాజు ఇచ్చింది. నేల మీద పెట్టుకునేది, మోకాలు దాటి ఎత్తుంటుంది, నీలం రంగు. దాన్ని చుట్టడానికి ఆమెకు గంట పట్టింది. సరిగ్గా వారానికి ఎవరో ఒకావిడ ఆ పెట్టెనే తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

"ఎవరో ఇచ్చారండీ. మా ఇంట్లో చోటు లేదు. మార్చి ఇంకేదైనా ఇస్తారా?"

కాగితం చిరగలేదు. లోపలి మడతలో పెన్సిలు టిక్కు ఉంది. విప్పనైనా విప్పలేదు. రిబ్బను మాత్రం లేదు.

డ్యూటీ దిగి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. అక్క తలుపు సగమే తీసింది. వెనకాల కుర్చీలో బావ గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. రిబ్బనమ్మ గుమ్మంలో నిలబడే అడిగేసింది.

"నచ్చకపోతే నాకే ఇచ్చేయొచ్చుగా అక్కా. విప్పనైనా విప్పకుండా ఊరి మీదకు తోలేశావు. రిబ్బను మాత్రం పీకి దాచుకున్నావే, పాపం, అదొక్కటే పనికొచ్చిందా?"

అక్క మాట్లాడలేదు. మాట్లాడకపోయేసరికి ఇంకా ఒళ్ళు మండి, బావ మీద పడింది.

"ఇంట్లోనే ఉంటావు కదా బావా, చూస్తూ ఊరుకున్నావా? కళ్ళు లేవా నీకు?"

అక్క తలుపు వేసేసింది. గట్టిగా కూడా కాదు, మెల్లగా వేసింది. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. దారిలో ఒకసారి ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయింది. ఇచ్చిన వస్తువు ఎవరికో ఇచ్చేసి, పైగా అలిగేది వాళ్ళా అని రిబ్బనమ్మ మొదటి ఏడాది కోపంగా ఉంది. రెండో ఏడాది ఆ కోపం కరిగి బెంగ మిగిలింది. అమ్మ లేదు, నాన్న లేడు, కట్టుకున్నవాడు ఎప్పుడో పోయాడు. టైర్ల దుకాణం పైన ఒక గది, ఒక బల్ల, ఒక అక్క. లోకంలో ఆమెకున్నవి ఈ మూడే. అందులో మూడోదాని గుమ్మం ఇన్నాళ్ళకు మళ్ళీ తెరుచుకుంటోంది. ఈసారి ఏదైనా తేడా చేస్తే ఇంక తెరవరు. అదీ ఆమె భయం.

బుధవారం నుంచి శనివారం దాకా ఆమెకు నిద్ర సరిగా లేదు. దుకాణం నిండా సామానే, ఏది చూసినా వద్దనిపించింది. పూలు తీసుకెళ్దామంటే పెట్టుకోవడానికి వాజు కావాలి. ఇంక ఆ మాటే ఎత్తకూడదు. మిఠాయి అంటే పంటి డాక్టరు దగ్గర పనిచేసేదానికి మిఠాయి ఏమిటి, వెక్కిరించినట్టు. మొక్క అంటే రోజూ నీళ్ళు పొయ్యడానికి ఒక ప్రాణాన్ని అంటగట్టినట్టు. పళ్ళు అంటే బుట్ట మిగిలిపోతుంది, బిస్కెట్లంటే డబ్బా మిగిలిపోతుంది.

"బుట్ట లేకుండా సంచిలో తీసుకెళ్ళు" అంది బిల్లులు వేసే అమ్మాయి.

"మూడేళ్ళ తర్వాత సంచిలో పళ్ళేమిటే, ఆసుపత్రికి వెళ్ళినట్టు."

"అయితే సబ్బులు."

"స్నానం చెయ్యమన్నట్టుంటుంది."

"నీతో వేగడం నా వల్ల కాదు రిబ్బనమ్మా. రమ్మన్నది నిన్ను, నీ సామాన్ని కాదు."

ఆ పిల్ల అన్నది సబబే. కానీ సబబైన మాట భయపడ్డవాళ్ళ చెవికి ఎక్కడ ఎక్కుతుంది? శుక్రవారానికి ఎలాగో ఒక నిర్ణయానికి వచ్చింది. వారం రోజుల్లో ఖర్చయిపోయేది, వెనకాల ఏమీ మిగల్చనిది, ఇద్దరూ ఇష్టపడేది. మంచి టీ ఆకు. డబ్బా లేకుండా కాగితంలో తనే పొట్లం కట్టింది. అరచేతిలో ఇమిడేంత పొట్లం. నిజం చెప్పాలంటే అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

శనివారం సాయంత్రం బల్ల సర్దుకుంటూ ఆ పొట్లాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని చూసింది. మూడేళ్ళ తర్వాత వెళ్తూ ఇంతేనా? పై అంతస్తులో కుర్చీలు అమ్మే కుర్రాడి దగ్గరకు వెళ్ళి, నడుము నొప్పి ఉన్నవాళ్ళకు ఏది మంచిదని అడిగింది.

"కాళ్ళు కొంచెం ఎత్తు మీద పెట్టుకుంటే నడుము మీద బరువు పడదండీ" అని అతను ఒక చిన్న స్టూలు చూపించాడు. జానెడు ఎత్తు, పైన మెత్త, నల్లటి గుడ్డ. ఆమెకు అది భలేగా నచ్చింది. ఇది అలంకారం కాదు, అవసరం. బావ నొప్పి గుర్తుపెట్టుకుని తెచ్చినట్టుంటుంది. అక్క కూడా కాదనదులే అనుకుంది. బూడిదరంగు కాగితం, ఎర్ర రిబ్బను, నాలుగు చెవుల ముడి.

ఆదివారం సెలవు పెట్టి, ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. మొదటి స్టాపులో, తెచ్చి మంచిపని చేశాననుకుంది. మూడో స్టాపులో, ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకుంది. దిగేటప్పుడు సీటు మీదే మరిచిపోయినట్టు వదిలేద్దామని చూస్తే, కండక్టరు పిలిచి మరీ చేతికిచ్చాడు. మంచివాళ్ళంతా అలాంటప్పుడే తగులుతారు.

మూడు అంతస్తులూ ఎక్కి తలుపు ముందు నిలబడింది. బెల్లు దాకా వెళ్ళిన వేలు వెనక్కి వచ్చింది. ఉత్త చేతులతో రా. తెస్తే, చెప్పిన మాట వినలేదని. తేకపోతే, ఒక్కటీ తేలేదని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. లోపల ఎవరో గిన్నె పెట్టిన చప్పుడైంది. ఆమె గబుక్కున వెనక్కి తిరిగి, మెట్ల మలుపు దగ్గర గోడ వారన పెట్టెను కింద పెట్టేసింది. ముందు లోపల గాలి ఎటు వీస్తోందో చూసి, బాగుంటే తర్వాత తెచ్చి ఇద్దామనుకుంది. టీ పొట్లం మాత్రం హ్యాండుబ్యాగులో ఉంది.

అక్క తలుపు తీసి ముందు చెల్లెలి మొహం చూడలేదు, చేతులు చూసింది. తర్వాత ఆమె వెనకాల నేల మీదకు తొంగి చూసింది. అప్పుడు మొహం కాస్త సడలింది.

"మంచిపని చేశావు. రా."

అక్క జుట్టు బాగా తెల్లబడింది. రిబ్బనమ్మ చెప్పులు విడుద్దామని వంగితే అక్క వాటిని తీసుకుని తలుపు వెనక చెక్క అరలో పెట్టింది. గుమ్మంలో చెప్పులు కూడా ఉండకూడదన్నమాట.

లోపలికి వెళ్ళాక చూస్తే ఇల్లు బోసిగా ఉంది. నేల మీద చాప లేదు, పట్టా లేదు, మధ్యలో టీపాయి లేదు. కుర్చీలన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి. గోడ మీద పటం కూడా లేదు. అంతకుముందు పదమూడేళ్ళలో తను ఇచ్చినవి ఎన్ని, బొమ్మలు, దీపపు స్టాండు, పుస్తకాల అర, ఒక్కటంటే ఒక్కటి కనపడలేదు. తన గుర్తులన్నీ ఏరి ఏరి తుడిచేసినట్టుంది. అయినా పిలిచారంటే, పూర్తిగా తెగిపోయిందని మొహం మీద చెప్పడానికే పిలిచారేమో అనుకుంది.

"మరదలు పిల్లా, వచ్చావా" అంటూ బావ లోపలి గదిలోంచి వచ్చాడు. ఎడమచేతి వేళ్ళు గోడను రాసుకుంటూ వచ్చాడు. "లావయ్యావా, సన్నబడ్డావా?"

"నువ్వే చూసి చెప్పు బావా."

ఆయన నవ్వాడు. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భోజనం దగ్గర మాటలు అతకలేదు. దుకాణం ఎలా ఉందంటే బాగుందంది చెల్లెలు. డాక్టరు ఎలా ఉన్నాడంటే ఉన్నాడంది అక్క. అక్క ప్రతిదీ బావకు చెప్పి పెడుతోంది. "కూర మీ ఎడమ చేతి వైపు. నీళ్ళు ఎదురుగా." చంటిపిల్లాడికి చెప్పినట్టు. నడుము నొప్పికి ఇంత గారాబమా అనుకుంది రిబ్బనమ్మ. అక్క రెండుసార్లు ఏదో చెప్పబోయి బావ వైపు చూసి ఆగింది. బావ ఒకసారి గొంతు సవరించుకుని, "కూర బాగుంది" అన్నాడు. ఏదో చెప్పడానికే పిలిచారు, ఎలా మొదలుపెట్టాలో తెలియక నలుగుతున్నారు. అది ఆమెకు తెలుస్తూనే ఉంది. అన్నీ తినేసింది గానీ దేని రుచీ తెలియలేదు.

చేతులు కడుక్కున్నాక ఇంక ఆగలేక బ్యాగులోంచి టీ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"ఉత్త చేతులతో రమ్మన్నావు. ఇది వారం రోజుల్లో అయిపోతుందక్కా. డబ్బా కూడా లేదు."

అక్క పొట్లాన్ని చూసింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పెదవి చివర కొంచెం కదిలింది.

"టీ అంటే పాలు కావాలిగా. నేను తెస్తా" అని బావ లేచాడు. "రోజూ వెళ్ళే దారే. మీరిద్దరూ మాట్లాడుకోండి."

ఆయన తలుపు వైపు నడిచాడు. రిబ్బనమ్మకు మెట్ల దగ్గరి పెట్టె గుర్తొచ్చింది. ఆ క్షణంలో కూడా ఆమె భయం వేరే. బావ పెట్టెను చూస్తాడు, చేతుల్లో పట్టుకుని నవ్వుతూ వెనక్కి వస్తాడు, అక్క మొహం మళ్ళీ ముడుచుకుంటుంది అని.

"నేను తెస్తాలే బావా" అని ఆమె లేచేసరికి తలుపు తీసిన చప్పుడైంది. నాలుగు అడుగులు వినపడ్డాయి, లెక్కపెట్టినట్టు సమానంగా. ఆ తర్వాత దభీమని ఏదో పడింది, మెట్ల పక్క ఇనుప కమ్మీ గణగణలాడింది.

అక్క పరుగెత్తిన తీరు రిబ్బనమ్మ జన్మలో మరిచిపోదు. చేతిలో గ్లాసు పడిపోయినా వెనక్కి చూడలేదు.

బావ మెట్ల మలుపు దగ్గర కూర్చుండిపోయి ఉన్నాడు. ఒక చేత్తో కమ్మీని పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ చెయ్యి అందకపోతే పన్నెండు మెట్లు కిందికి పోయేవాడు. మోకాలి దగ్గర గుడ్డ చిరిగింది, అరచెయ్యి గీరుకుని నెత్తురు వస్తోంది. పక్కన బూడిదరంగు పెట్టె బోర్లా పడి ఉంది.

"పై అంతస్తువాళ్ళే పెట్టుంటారు. ఎన్నిసార్లు చెప్పాను, దారిలో ఏమీ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను" అంటూ అక్క ఆయన భుజాలు పట్టుకుంది.

నేనే పెట్టానక్కా అని చెప్పాలి. గుమ్మంలో నిలబడ్డ రిబ్బనమ్మకు, పై అంతస్తువాళ్ళ మీదకు పోనిస్తే మాత్రం ఏం అన్న ఆలోచన కూడా ఒక్క రెప్పపాటు వచ్చింది. మనిషి మనసు అంత మంచిదేం కాదు.

బావ ఖాళీ చేతిని చాచి పెట్టెను తడిమాడు. వేళ్ళు కాగితం అంచు వెంబడి నడిచి, రిబ్బను దగ్గర ఆగి, ముడి మీదకు వెళ్ళాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చివర ఏటవాలు కొస. ఆయన మొహంలో నొప్పి పోయి ఇంకేదో వచ్చింది.

"పై వాళ్ళు కాదే" అన్నాడు అక్కతో. "ఇది మరదలి ముడి."

అక్క తలెత్తి చెల్లెలి వైపు చూసింది.

"ఉత్త చేతులతో రమ్మన్నానా లేదా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆయనకు కనపడదే చిట్టీ. ఎదురుగా ఉన్నది కొంచెం కనపడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. పక్కనా కనపడదు, కిందా కనపడదు. మూడేళ్ళుగా నేల మీద గుండుసూది కూడా ఉంచకుండా కాపాడుకొస్తున్నాను."

"నడుము నొప్పి అన్నారుగా" అంది రిబ్బనమ్మ. ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో ఆమెకే వినపడింది.

"నేనే అలా చెప్పమన్నాను" అన్నాడు బావ. "డాక్టరు చెప్పిన రోజునే బండి తాళాలు అప్పగించేశాను. ఇరవై రెండేళ్ళు జనాన్ని ఎక్కించుకుని తిప్పినవాణ్ణి, గుడ్డివాడయ్యాడట అని చెప్పుకుంటారంటే మనసొప్పలేదు. నడుమంటే ఎవరూ ఇంకేం అడగరు."

"నువ్విచ్చిన వాజు పెట్టె హాల్లో పెట్టుకున్నాం" అంది అక్క. "పొద్దున విప్పుదామనుకున్నాం. ఆ రాత్రే దాని మీద పడి ఈయన పన్ను విరిగింది. మా డాక్టరే కట్టాడు. మర్నాడు ఉన్నపళంగా ఎవరికో ఇచ్చేశాను. నీకేమని చెప్పను? చెప్పొద్దని ఈయన ఒట్టు వేయించుకున్నాడు. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి అడిగావు."

ఏం అడిగిందో రిబ్బనమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళు లేవా నీకు. ఊళ్ళో రోజుకు నూరుమంది నూరుమందిని అనే మాట. ఆ మాట, చూపు పోతోందని కొత్తగా తెలిసి గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషిని తను అన్నది. అక్క తలుపు వేసింది వాజు గురించి కాదు, రిబ్బను గురించి కాదు. మూడేళ్ళు తను తప్పుడు చోట వెతుక్కుంది.

"బావా" అంది.

బావ కమ్మీని పట్టుకుని మెల్లగా లేచాడు. "ఏడవకు. ఏమీ విరగలేదు. కాలు జారితే తీసుకోవచ్చు" అని, ఆ సామెత రెండో సగం చెప్పకుండా ఆగిపోయాడు. చెప్పాల్సిన అవసరం లేదు, ముగ్గురికీ వచ్చిన సామెతే.

"ఆ రోజు నేనన్న మాట..."

"నువ్వడిగింది మంచి ప్రశ్నేలే. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఇవాళ చెబుదామనే పిలిపించాను. మీ అక్క వద్దంటూనే ఉంది, నేనే పట్టుబట్టాను. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాం. నీ పెట్టె తొందరపడింది."

అక్కకు నవ్వు రాలేదు. ఆయన్ను లోపలికి నడిపించుకుని వెళ్ళి, వంటింటి కుళాయి దగ్గర చెయ్యి కడగమని చెల్లెలికి అప్పగించి, తను దూది కోసం వెళ్ళింది. అక్కడ రెండు కుళాయిలున్నాయి. రిబ్బనమ్మ చెయ్యి చాచి ఆగిపోయింది.

వేడినీళ్ళ కుళాయికి రిబ్బను కట్టి ఉంది. వెలిసిపోయిన నీలం సాటిను, నాలుగు చెవుల ముడి. వాజుకు కట్టిన రిబ్బను.

ఆమె తల తిప్పి చూసింది. భోజనానికి వచ్చినప్పుడు తన గుర్తుల కోసం గోడలూ మూలలూ వెతికింది గానీ, చెయ్యి పడే చోట్లు చూడలేదు. ఉప్పు డబ్బా మూతకు పచ్చ ముడి. పంచదార డబ్బాకు లేదు. అలమర పిడికి పసుపుది, అది ఏనాటి దీపపు స్టాండుదో. మందుల సీసాల్లో పొద్దున వేసుకునేదానికి ఒక ముడి, సాయంత్రం దానికి రెండు. స్నానాల గది గడియకు ఎర్రది, నూలుపోగులు లేచిపోయి, అయినా ముడి చెదరలేదు. అన్నేళ్ళూ తను కట్టి పంపినవి. సామాన్లన్నీ పోయాయి, ముళ్ళన్నీ ఉన్నాయి.

దూది పట్టుకుని వచ్చిన అక్క గుమ్మంలో ఆగి చెల్లెలు చూస్తున్నదంతా చూసింది.

"రిబ్బను ఒక్కటే పనికొచ్చిందా అని అడిగావుగా" అంది. "అవునే. అదొక్కటే పనికొచ్చింది. వేరే ఏ ముడి వేసినా రెండు రోజుల్లో ఊడిపోతుంది, నీది ఊడదు. ఈయన చేతికి అదే అలవాటు."

రిబ్బనమ్మ అప్పుడు ఏడ్చింది, బావ చెయ్యి కుళాయి కింద పట్టుకునే. ఆయన ఓపిగ్గా నిలబడి, "చల్లనీళ్ళు చాలు మరదలా, కన్నీళ్ళు కూడా ఎందుకు, మండుతుంది" అన్నాడు.

టీ పాలు లేకుండానే తాగారు. ఆ తర్వాత ఆమె హ్యాండుబ్యాగు తెరిచింది. పదహారేళ్ళ అలవాటు, అందులో దువ్వెన లేకపోయినా రిబ్బను చుట్టా చిన్న కత్తెరా ఉంటాయి. పాతబడ్డవి విప్పి కొత్తవి కట్టింది. వేడినీళ్ళ కుళాయిది మాత్రం ఉంచమంది అక్క. బావ కుర్చీలో కూర్చుని, ఎక్కడెక్కడ తడుముకుంటున్నాడో సిగ్గుపడకుండా చెప్పాడు. కారం డబ్బా, గ్యాసు గుండీ, తన తువ్వాలు. పొద్దువాలే ముందు ముగ్గురూ బయటకు వచ్చారు. కమ్మీ మీద, ఇందాక ఆయన చెయ్యి అందుకున్న చోట, మెట్లు మొదలయ్యే దగ్గర ఆమె ఆఖరి ముడి వేసింది. బావ దాన్ని తడిమి తల ఊపాడు.

స్టూలు పెట్టెను ఆమె తిరిగి చంకన పెట్టుకుంది. ఉంచమని ఎవరూ మాటవరసకైనా అనలేదు. వాళ్ళు అనకపోవడం ఆమెకు హాయిగా ఉంది.

రెండు మెట్లు దిగాక అక్క పిలిచింది.

"చిట్టీ, ఆగు. నీకు మంగళవారం సెలవు కదా. పగలు నేను డ్యూటీలో ఉంటాను, ఈయన ఒక్కడే ఉంటాడు." చెల్లెలి చెయ్యి తెరిచి అందులో ఏదో పెట్టి వేళ్ళు మూసింది. "నిన్ను ఉత్త చేతులతో ఎలా పంపను."

తలుపు తాళంచెవి. బస్సులో సీటు మీద కూర్చుని, ఒళ్ళో పెట్టె పెట్టుకుని, ఆమె పిడికిలి విప్పకుండా కళ్ళు మూసుకుంది. బావ చూసినట్టు వేళ్ళతో చూద్దామని. తాళంచెవికి రిబ్బను ఉంది, నాలుగు చెవులున్నాయి. కానీ ముడి తనది కాదు. నాలుగో చెవి పొట్టిగా ఉంది, కొస వంకరగా తెగింది. ఎవరో తన ముడిని ఎన్నిసార్లో విప్పి, ఎలా కట్టారా అని చూసి, మళ్ళీ మళ్ళీ కట్టి నేర్చుకున్నారు.

మంగళవారానికి ఇంకా ఒక రోజుంది. ఏం తీసుకెళ్ళాలా అని ఆమె ఆలోచించలేదు.